గ్రూపులో నవ్వులు, ఇంట్లో మౌనం

ప్రశ్న: నాకు 66 ఏళ్ళు. మాది అమలాపురం దగ్గర ఊరు. ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యాను. నాలుగేళ్ళుగా హైదరాబాద్‌లో అబ్బాయి దగ్గర ఉంటున్నాం. చిన్నప్పటి నుంచీ నాకు మాట చమత్కారం ఎక్కువ. నేను సెలవు పెడితే ఆఫీసులో లంచ్ చప్పగా ఉండేదనేవారు. ఇప్పుడు రోజూ పొద్దున్నే జీవితం గురించి, మనిషి నైజం గురించి రెండు వాక్యాలు రాసి మా బంధువుల వాట్సాప్ గ్రూపులో పెడుతుంటాను. అందరూ మెచ్చుకుంటారు.

వేసవి సెలవుల్లో మా వియ్యంకుడికి ఒంట్లో బాగాలేక కోడలు పిల్లని తీసుకుని పది రోజులు పుట్టింటికి వెళ్ళింది. అప్పుడు ‘కోడలు పుట్టింటికెళ్తే ఇంట్లో మూడు మిగుల్తాయి: గ్యాస్, కరెంటు, ప్రశాంతత’ అని రాశాను. ఇరవై మందికి పైగా నవ్వు బొమ్మలు పెట్టారు. కోడలు ఆస్పత్రిలో కూర్చుని అది చూసిందట. తిరిగొచ్చి నెల దాటింది. నాతో అవును, కాదు తప్ప మాట్లాడదు. అబ్బాయి ‘ఇక ఆపండి నాన్నా’ అన్నాడు. మా ఆవిడైనా నా వైపు మాట్లాడుతుందనుకుంటే, ‘నలభై ఏళ్ళుగా నవ్వుతూనే ఉన్నాను, అలిసిపోయాను’ అంది. తొమ్మిదేళ్ళ మనవరాలు మొన్న వాళ్ళమ్మతో ‘నీ వంట పరీక్ష లాంటిదమ్మా, పాసైతే చాలు’ అంది. అది నేనెప్పుడో అన్న మాట. దానికీ నన్నే తప్పు పట్టారు. కోడలు లేని ఆ పది రోజులూ నా సంగతి ఎవరైనా చూశారా? అబ్బాయి పదింటికి గాని రాడు, మా ఆవిడ షుగరు మాత్రల కోసం ఏడింటికే తినేస్తుంది, రాత్రి భోజనానికి నేనొక్కణ్ణే కూర్చున్నాను. నేను ఎవరి పేరూ రాయలేదు. లోకంలో ఉన్నదే రాశాను. మనుషులకి నవ్వడం చేతకాకపోతే నా తప్పా? వీళ్ళకి ఎలా చెప్తే అర్థమవుతుంది?

సమాధానం: అయ్యా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఆ గ్యాసు, కరెంటు వాక్యం దగ్గర ఆగాను. రెండోసారి మాత్రం చివర్లో మీరు విసురుగా రాసిన మాట దగ్గర ఆగిపోయాను. ‘రాత్రి భోజనానికి నేనొక్కణ్ణే కూర్చున్నాను.’ ఉత్తరం మొత్తంలో అసలు సంగతి అదేననిపించింది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు మీ ప్రశ్న. మీ ఇంట్లో వాళ్ళకి నవ్వడం చేతకాక కాదండీ. మీ ఆవిడ నలభై ఏళ్ళు నవ్వారు. మీ మనవరాలు మీ మాటని గుర్తుపెట్టుకుని, సందర్భం చూసి, మీ ఫక్కీలోనే తిరిగి అంది. చమత్కారం అర్థంకాని పిల్ల ఆ పని చేయలేదు. వాళ్ళు మీ మాటల్లోని హాస్యాన్ని బాగానే పట్టుకున్నారు. దాంతోపాటు ఉన్న ఇంకోదాన్ని కూడా పట్టుకున్నారు. అదే వాళ్ళని బాధపెడుతోంది.

నాదీ గోదావరి జిల్లానే. కాబట్టి మన వెటకారం గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు, కానీ ఒక్కసారి కలిసి గుర్తు చేసుకుందాం. మా తాతగారింటి అరుగు మీద సాయంత్రం పూట ఐదారుగురు చేరేవారు. ఒకరోజు ఓ కుర్రాడు కొత్త సైకిలు మీద వచ్చాడు. చుట్ట కాలుస్తున్న పెద్దాయన తలెత్తి, ‘ఏరా, సైకిలు కొత్తదే గానీ దాని మీదున్న మనిషే పాతగా ఉన్నాడేంటి?’ అన్నాడు. ఆ కుర్రాడు స్టాండు వేస్తూ, ‘నువ్వింకో వంద అప్పిచ్చుంటే మనిషిని కూడా మార్చేద్దును బాబాయ్’ అన్నాడు. అరుగంతా గొల్లుమంది. అందరికంటే ఎక్కువ నవ్వింది ఆ పెద్దాయనే. పక్కకి జరిగి కుర్రాడికి చోటిచ్చాడు. నాకప్పుడు పదేళ్ళుంటాయేమో, ఆ జరగడం ఇప్పటికీ కళ్ళ ముందుంది.

గోదావరి వెటకారం అంటే అదండీ. ఒకరు విసరాలి, ఇంకొకరు పట్టుకుని తిరిగి విసరాలి. విసిరినవాడు జవాబు కోసం చెవులు రిక్కించి ఎదురుచూడాలి. వచ్చిన జవాబు తనదానికంటే బాగుంటే సంతోషపడాలి. చివర్లో పక్కకి జరిగి చోటివ్వాలి. ఆ చోటివ్వడం లేకపోతే మిగతాదంతా ఉండీ లాభం లేదు.

ఇప్పుడు మీ కోడల్ని ఆ కుర్రాడి స్థానంలో ఊహించండి. ఆమె అదే గ్రూపులో, ‘మామగారు వాకింగ్‌కి వెళ్తే ఇంట్లో నాలుగు మిగుల్తాయి’ అని రాసిందనుకోండి. ఎంతమంది నవ్వు బొమ్మలు పెడతారు? ఫోన్ల మీద ఫోన్లు వస్తాయి. ‘ఆ పిల్లకి నోరు పెద్దది’ అంటారు. ‘చదువుకుంది, ఉద్యోగం చేస్తోంది, అందుకే ఆ పొగరు’ అంటారు. రేపు ఏ పెళ్ళిలోనో ఎవరో ఒకరు ఆమె మొహం మీదే అడుగుతారు కూడా. ఈ సంగతి ఆమెకి తెలుసు. మీకూ తెలుసు. ఆ గ్రూపులో ఉన్నవాళ్ళు మీ వైపు వాళ్ళు, మీకంటే చిన్నవాళ్ళే ఎక్కువ. ఆమె ఒక్కతే. అక్కడ ఆమెకి తిరిగి విసిరే వీల్లేదు. జవాబివ్వలేని మనిషి మీద చేసిన చమత్కారాన్ని మన భాషలో వెటకారం అనరు, ఎత్తిపొడుపు అంటారు.

మన తెలుగులో ఈ మాటలకి ఎన్ని మెట్లున్నాయో చూడండి. సరసం ఉంది, పరాచికం ఉంది, వేళాకోళం ఉంది. ఆ మూడింట్లోనూ ఇద్దరుంటారు. తర్వాత ఎగతాళి వస్తుంది, అక్కడ రెండో మనిషి ఆట నుంచి బయటికి వెళ్ళిపోయి ఆట వస్తువవుతాడు. ఆ తర్వాత ఎత్తిపొడుపు, దెప్పడం, హేళన. మన పెద్దవాళ్ళు ఇన్ని పేర్లు ఊరికే పెట్టలేదు. బావామరదళ్ళ మధ్య చెల్లే మాట మామాకోడళ్ళ మధ్య చెల్లదని, పెళ్ళి విడిదిలో వియ్యపురాలి మీద పాడే పాట పెళ్ళయ్యాక ఇంట్లో పాడకూడదని వాళ్ళకి తెలుసు. సరసం విరసం కొరకే అన్న మాట పుట్టింది కూడా, ఆ మెట్లు తెలియకుండానే దిగిపోతాం కాబట్టే.

మానసిక శాస్త్రంలోనూ దీని మీద పని జరిగింది. కెనడాకు చెందిన మానసిక శాస్త్రవేత్త రాడ్ మార్టిన్ తన సహచరులతో కలిసి 2003లో మనుషుల హాస్యాన్ని నాలుగు రకాలుగా విడదీసి, వాటిని కొలిచే ఒక ప్రశ్నావళి తయారుచేశాడు. నలుగురినీ దగ్గర చేసే హాస్యం ఒకటి. కష్టంలో తనని తాను నిలబెట్టుకోవడానికి వాడుకునే హాస్యం రెండోది. ఎదుటివాళ్ళని తగ్గించే హాస్యం మూడోది. నలుగురి మెప్పు కోసం తనని తానే కించపరుచుకునేది నాలుగోది. ఒకే మనిషిలో ఇవన్నీ కొంచెం కొంచెం ఉండొచ్చు. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే ఆఫీసు లంచ్ దగ్గర మీది మొదటి రకం. అక్కడ అందరూ సమానులు, మీరు అందరి టెన్షన్ కాసేపు తగ్గించేవారు. రిటైరయ్యి, ఊరు మారి, అరుగూ లంచ్ టేబులూ రెండూ పోయాక అదే చమత్కారం మెల్లగా మూడో రకంలోకి జారింది. మీరు కావాలని చేశారని నేననుకోవడం లేదు. చేతిలో ఉన్న పనిముట్టు అదొక్కటే కావడంతో, అక్కర్లేని చోట కూడా దాన్నే వాడారు.

‘నేను ఎవరి పేరూ రాయలేదు’ అన్నారు. మీ ఇంట్లో కోడలు ఒక్కరే. ఆవిడ ఆ వారమే పుట్టింట్లో ఉంది. ఇంక పేరెందుకండీ? లోకం మొత్తం గురించి చెప్పినట్టు రాసిన వాక్యానికి ఒకే ఒక్క చిరునామా ఉంటే, దాన్ని లోకానికి రాసిన మాట అనలేం. ఒక మనిషికి రాసి నలుగురి చేతా చదివించిన ఉత్తరం అనాలి. మీరు సూక్తులని పెట్టినవి ఈ ఏడాదివి ఒకసారి వెనక్కి వెళ్ళి చదవండి. కొడుకుల గురించి రాసింది ఉంటే, ఏ రోజు రాశారో, ఆ ముందు రోజు ఇంట్లో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. భార్యల మీద రాసినవీ అంతే. మనిషి నైజం గురించి అన్నేసి రోజులు రాశారు కదా, వాటిలో మీ గురించి రాసుకున్నవి ఎన్ని ఉన్నాయో కూడా లెక్కపెట్టండి. ఇది మిమ్మల్ని నిలదీయడానికి అడగడం లేదు. ఆ లెక్క మీకే ఒక దారి చూపిస్తుందని నమ్మకంతో అడుగుతున్నాను.

ఇంకో సంగతి. ఎదురుగా అన్న మాటకి మొహం ఉంటుంది, గొంతు ఉంటుంది. రాసిన మాటకి అవి ఉండవు. జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ అనే పరిశోధకులు, ఇంకొందరు కలిసి 2005లో ప్రచురించిన ఒక పరిశోధన ఉంది. కొందరు విద్యార్థులకి కొన్ని వాక్యాలిచ్చి, కొన్ని మామూలుగా, కొన్ని వెటకారంగా ఈమెయిల్లో పంపమన్నారు. అవతలివాళ్ళు ఏది వెటకారమో 78 శాతం సరిగ్గా కనిపెడతారని పంపినవాళ్ళు అనుకున్నారు. చదివినవాళ్ళు కనిపెట్టింది 56 శాతమే. బొమ్మాబొరుసూ వేసి చెప్పినా ఇంచుమించు అంతే వస్తుంది. అదే గొంతుతో చెప్పినప్పుడు 73 శాతం అర్థమైంది. మీరు నవ్వు మొహంతో టైప్ చేశారు. ఆ నవ్వు మీ గదిలోనే ఉండిపోయింది. ఆస్పత్రి కుర్చీలో కూర్చున్న ఆమె దగ్గరికి అక్షరాలు మాత్రమే వెళ్ళాయి.

గ్రూపులో ఇరవై మంది నవ్వారు కదా అంటారేమో. రాబర్ట్ ప్రొవైన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త మామూలు జనం మధ్య 1,200 నవ్వుల సందర్భాలు గమనించి రాసుకున్నాడు. వాటిలో చాలావరకు జోకులకి వచ్చినవి కావు. ‘సరే, మళ్ళీ కలుద్దాం’ లాంటి మాటల తర్వాతే జనం ఎక్కువగా నవ్వారు. నవ్వు చాలాసార్లు ‘నేనూ ఇక్కడే ఉన్నాను, మనం మనం ఒకటి’ అని చెప్పడానికే వస్తుంది. పొద్దున్నే ఇంటి పెద్దాయన ఏదో పెడితే మేనల్లుళ్ళు, మేనకోడళ్ళు ఒక బొమ్మ నొక్కడం నమస్కారం లాంటిది. అది మీ మీద గౌరవమే, కాదనను. ఆ వాక్యం న్యాయమైనదని ఇచ్చిన తీర్పుగా మాత్రం దాన్ని తీసుకోకండి.

ఇక ఆ భోజనం దగ్గరికి వద్దాం.

ఆ పది రోజులూ రాత్రి ఎనిమిదిన్నరకో తొమ్మిదికో మీరొక్కరే కంచం ముందు కూర్చున్నారు. మామూలు రోజుల్లో ఆ వేళకి ఎవరుండేవారు? మనవరాలు ఉండేది, స్కూల్ కబుర్లు చెప్పేది. కోడలు ఉండేది, పెరుగు వేయాలా అని అడిగేది. ఆ ఇద్దరూ లేని ఇల్లు మీకు బోసిగా అనిపించింది. పొద్దున్నే ఫోన్ చేతిలోకి తీసుకున్నప్పుడు మీ లోపల ఉన్నది ఆ బోసితనమే. బయటికి వచ్చేసరికి అది ‘ప్రశాంతత’ అయిపోయింది. మీరు సత్యం రాశానన్నారు. నాకు మాత్రం మీ మనసులో ఉన్నదానికి సరిగ్గా తలకిందులుగా రాశారనిపిస్తోంది. ‘అమ్మా, మీ నాన్నగారికి ఎలా ఉంది? మీరిద్దరూ లేకపోతే ఇక్కడ అన్నం సహించడం లేదు’ అని ఆమె ఒక్కదానికే పంపి ఉంటే, అది కూడా రెండు వాక్యాలే. నిజమూ అదే.

అలా రాయడం ఎందుకు కష్టమైందో నాకు కొంత అర్థమవుతుంది. మీ తరం మగవాళ్ళకి ‘నాకు తోచడం లేదు, ఒంటరిగా ఉంది’ అనడం ఎవరూ నేర్పలేదు. అంటే చులకనైపోతామన్న భయం ఒకటి. చమత్కారంలో ఆ భయం లేదు. ఎవరైనా పట్టుకుంటే ‘సరదాకన్నాను’ అని తప్పించుకోవచ్చు, పట్టుకోకపోతే మనసులో మాట బయట పడిందన్న తృప్తి మిగులుతుంది. కానీ దానివల్ల అడగాల్సింది ఎప్పటికీ అడగరు, అందాల్సింది ఎప్పటికీ అందదు. అబ్బాయి పదింటికి వస్తున్నాడని కొడుకుల మీద వంద సూక్తులు రాయొచ్చు. ‘నాన్నా, వారంలో రెండు రోజులైనా నాతో కలిసి భోంచెయ్యి’ అని ఒక్కసారి అడగలేకపోయారు.

మీ ఆవిడ అన్న మాట నన్ను ఎక్కువగా పట్టుకుంది. ‘నలభై ఏళ్ళుగా నవ్వుతూనే ఉన్నాను, అలిసిపోయాను.’ ఇంత పెద్ద మాట ఆవిడ ఇంత చిన్నగా చెప్పారు. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, మీ ఆఫీసు వాళ్ళ ముందు మీరు భార్యల మీద జోకు వేసినప్పుడల్లా అందరూ ముందు ఆవిడ మొహంలోకి చూసి ఉంటారు, ఆవిడ నవ్వితే తామూ నవ్వుదామని. ఆవిడ మీ పరువు కోసం నవ్వారు. వాటిలో కొన్ని నిజంగానే నచ్చి ఉంటాయి. ఏవి నచ్చాయి, ఏవి నొప్పించాయి అని ఆవిడని అడగండి. సాయంత్రం టీ తాగేటప్పుడు, టీవీ కట్టేసి అడగండి. ఆవిడ చెప్తున్నంతసేపూ మధ్యలో ఒక్క చమత్కారం కూడా వెయ్యకుండా వినండి. మీకు ఈ నెలలో అన్నిటికంటే కష్టమైన పని అదే కావొచ్చు. బహుశా మొదటిరోజు ఆవిడ ఏమీ చెప్పరు, ‘ఇప్పుడవన్నీ ఎందుకు’ అంటారు. మర్నాడు మళ్ళీ అడగండి.

కోడలి విషయంలో ఆలస్యం చేయొద్దు. క్షమాపణ చెప్పాలి. ‘నువ్వు బాధపడి ఉంటే సారీ’ అనొద్దు, ఆ ‘ఉంటే’లో మళ్ళీ తప్పు ఆమె మీదికే వెళ్తుంది. ‘సరదాకి రాశానమ్మా’ అనీ అనొద్దు. ‘మీ నాన్నగారు ఆస్పత్రిలో ఉన్నప్పుడు నేను నీ గురించి అలా రాయడం తప్పు. అందరి ముందూ రాయడం ఇంకా తప్పు. నన్ను క్షమించమ్మా’ అనండి, చాలు. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకి క్షమాపణ చెప్పకూడదన్న ఆచారం ఎక్కడా లేదు. ఆమె వంటింట్లో హడావిడిగా ఉన్నప్పుడో, ఆఫీసు కాల్‌లో ఉన్నప్పుడో చెప్పకండి. ఆమె వెంటనే ‘ఫర్వాలేదు మామయ్యగారూ’ అనకపోవచ్చు. కళ్ళనీళ్ళు పెట్టుకోవచ్చు, ఏమీ అనకుండా లేచి వెళ్ళిపోవచ్చు. నెలరోజులు దాచుకున్నది ఒక్క పూటలో కరగదు. మీరు మాత్రం ఆ తర్వాత ‘చెప్పాను కదా, ఇంకా ఏంటి’ అనుకోవద్దు.

మాట అన్నది నలుగురిలో కాబట్టి గ్రూపులో కూడా ఒక వాక్యం పెట్టాలి. ముందు ఆమెని అడగండి, ఆమెకి ఇష్టమైతేనే పెట్టండి. మళ్ళీ ఆ సంగతి కదిలించడం ఆమెకి ఇబ్బంది కావొచ్చు.

మనవరాలి సంగతి వేరు. తొమ్మిదేళ్ళ పిల్ల తాతయ్య అంటే ప్రాణం పెడుతుంది కాబట్టే తాతయ్యలా మాట్లాడుతోంది. ఆ పిల్లని తిట్టొద్దు, తిట్టనివ్వొద్దు. దగ్గర కూర్చోబెట్టుకుని, ‘ఆ మాట మొదట అన్నది నేనే, అనకూడదు, అమ్మకి బాధేసింది’ అని చెప్పండి. తాతయ్య తన తప్పు ఒప్పుకోవడం ఆ పిల్ల చూడటం మంచిది. ఆ తర్వాత మీ దగ్గరున్న అసలైన విద్య నేర్పండి. పొడుపుకథలు వేయండి, విప్పమనండి. ఒకే మాటకి రెండర్థాలు ఎలా వస్తాయో చూపించండి. మీరొక చురక వేసి, తిరిగి వెయ్యమనండి. తనది బాగుంటే ఓడిపోయానని ఒప్పుకోండి. ఆ పిల్ల ఇంట్లో మీకు మళ్ళీ ఒక అరుగు అవుతుంది.

రాయడం మానేయమని నేను చెప్పను. మీ చేతిలో మంచి వాక్యం ఉంది. ఆ మూడింటి వరసలో గ్యాసు, కరెంటు దాటాక ‘ప్రశాంతత’ దగ్గర మలుపు తిప్పడం అందరికీ రాదు. రిటైరైన రోజున ఇచ్చిన శాలువా ఇప్పుడెక్కడుందో రాయండి. వాకింగ్‌లో మోకాలు పెట్టే పేచీ గురించి రాయండి. లిఫ్టులో పక్కింటివాళ్ళతో మాట కలపాలా వద్దా అని మీరు రోజూ పడే తటపటాయింపు గురించి రాయండి. మిమ్మల్ని మీరు కించపరుచుకోమని కాదు, ఇందాక చెప్పిన ఆ నాలుగో రకం కూడా మంచిది కాదు. మీకు బాగా తెలిసిన మనిషి నైజం మీదే కాబట్టి అక్కడి నుంచి మొదలుపెట్టమంటున్నాను. పెట్టేముందు ఒక్క పరీక్ష చేయండి. ఆ వాక్యాన్ని భోజనాల బల్ల దగ్గర నలుగురి మొహాలూ చూస్తూ పైకి చదవగలరా? ఎవరి మొహం చూడలేమనిపిస్తుందో, ఆ వాక్యం ఆ మనిషి మీదే రాశారన్నమాట. దాన్ని ఆ మనిషితోనే, మామూలు మాటల్లో చెప్పండి.

ఇంటిల్లిపాదికీ ఇష్టుడిగా ఉన్న మనిషి ఉన్నట్టుండి ఒంటరైతే మనసు కుంగడం సహజం. నిద్ర పట్టకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం లాంటివి వారాల తరబడి ఉంటే కేంద్ర ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు.

మీ ఉత్తరంలో వియ్యంకుడిగారికి ఇప్పుడెలా ఉందో ఎక్కడా రాయలేదు. బహుశా మీకు తెలియదేమో. ముందు ఆయనకి ఫోన్ చేయండి. నంబరు లేకపోతే కోడల్ని అడగండి.